ఇమామ్ గజాలీ: సందేహం నుండి విశ్వాసానికి

జ్ఞానార్జనకూ, నీతివర్తనకూ దైవవిశ్వాసంతో పనేమిటని కొందరు ప్రశ్నిస్తారు. ఈ ప్రశ్నను గ్రంథాలలో చర్చించినవారు అనేకులు. తన బ్రతుకులోనే ఎదుర్కొన్నవారు ఇమామ్ అబూ హామిద్ గజాలీ (రహ్మతుల్లాహి అలైహి).

ఆయన హిజ్రీ 450 (క్రీ.శ. 1058)లో ఖురాసాన్‌లోని తూస్‌లో జన్మించారు. సెల్జూక్ వజీరు నిజాముల్ ముల్క్ 1091లో ఆయనను బాగ్దాద్ నిజామియా మదరసాలో ఆచార్యునిగా నియమించాడు. అక్కడ ఆయన వద్ద మూడు వందల మంది విద్యార్థులుండేవారు.

సత్యాన్వేషణలో ఆయనను ఒక సందేహం పట్టి పీడించింది. కంటికి నక్షత్రం దీనారమంతే కనిపిస్తుంది. అది భూమికంటె పెద్దదని గణితం నిరూపిస్తుంది. ఇంద్రియాల తప్పును బుద్ధి బయటపెట్టినట్లే, బుద్ధి తప్పును బయటపెట్టే మరొక న్యాయమూర్తి ఉండవచ్చు కదా! దాదాపు రెండు నెలలు ఈ వ్యాధి ఆయనను వదలలేదు. దీనికి తర్కం మందు కాలేకపోయింది. ఏ నిరూపణకైనా మూలసూత్రాలు కావాలి. సందేహం వచ్చింది ఆ సూత్రాల మీదనే. చివరకు అల్లాహ్ తన హృదయంలో ప్రసరింపజేసిన వెలుగే తనకు బుద్ధిపై నమ్మకాన్ని తిరిగి ఇచ్చిందని ఆయన ‘అల్ మున్ఖిజ్ మినద్దలాల్’లో చెప్పుకున్నారు.

అంటే విశ్వాసం ఆయన బుద్ధిని త్రోసిపుచ్చలేదు, నిలబెట్టింది. అందుకే, గ్రహణాల గణితాన్ని మతం పేరిట కాదనేవాడు మతానికి మేలు కాదు, కీడే చేస్తున్నాడని ఆయన హెచ్చరించారు.

రెండవ పరీక్ష 1095లో వచ్చింది. తన బోధన అల్లాహ్ ప్రీతి కోసమా, కీర్తి కోసమా అని ఆత్మపరిశీలన చేసుకుంటే, కీర్తి కోసమేనని తేలింది. ఆరు నెలలు ఊగిసలాడారు. నోట మాట రాలేదు, ముద్ద దిగలేదు. వ్యాధి మనస్సులో ఉన్నదని వైద్యులు చేతులెత్తేశారు. బోధించిన పాఠంలో తప్పు లేదు. తప్పు సంకల్పంలో ఉన్నది. లోకం ఆయనను గౌరవిస్తూనే ఉన్నది. అంతరంగాన్ని ఎరిగిన ప్రభువు ఎదుట నిలవాలన్న భయమే ఆయనను కదిలించింది. కుటుంబ పోషణకు చాలినంత ఉంచి, మిగిలిన ధనాన్ని పంచిపెట్టి బాగ్దాద్ విడిచి డమాస్కస్ వెళ్ళారు.

పదేళ్ళు దాటాక, 1106లో నీషాపూర్‌లో మళ్ళీ బోధన చేపట్టారు. మునుపు నేర్పింది పదవిని సంపాదించే విద్య, ఇప్పుడు నేర్పేది పదవీవ్యామోహాన్ని విడిచే విద్య అన్నది ఆయన భావం. 1111లో తూస్‌లోనే కన్నుమూశారు.

విశ్వాసం లేనివాడు లెక్క కట్టలేడని గజాలీ అనలేదు. బుద్ధిని ఎందుకు నమ్మాలి, ఎవరూ చూడని సంకల్పాన్ని ఎందుకు శుద్ధి చేసుకోవాలి అన్న రెండు ప్రశ్నలకు ఆయనకు జవాబు దొరికింది విశ్వాసంలోనే. విద్య గడించిన ప్రతివాడూ, ముఖ్యంగా ధార్మిక విద్య బోధించేవాడు, ఆ రెండవ ప్రశ్నను తనకు తాను వేసుకోవలసి ఉన్నది.