పర్దా ముందు చెహరా, పర్దా వెనుక ఆవాజ్

ఫలానా హీరోయిన్ మీద దిల్ పారేసుకున్నవాడిని ఎందుకని అడిగితే, "నా పసంద్, నా ఇష్టం" అంటాడు. కాని పసంద్‌కు కూడా తారీఖ్ ఉంటుంది. ఉర్దూలో తారీఖ్ అంటే తేదీ ఒక్కటే కాదు, చరిత్ర కూడా. తెలుగువాళ్ల పసంద్ తారీఖ్ వెతకాలంటే నన్నడిగితే మద్రాసు స్టూడియోల కన్నా ముందు విజయనగరం వెళ్లాలి.

తెలుగు మగవాళ్ల తొలి సెలబ్రిటీ క్రష్ ఎవరంటే నా వోటు మధురవాణికే. గురజాడ అప్పారావు రాసిన కన్యాశుల్కం 1892లో విజయనగరంలో మొదటిసారి ప్రదర్శించారు. 1897లో పుస్తకంగా వచ్చింది. 1909లో గురజాడ దాన్ని పూర్తిగా తిరగరాశారు. చదివినవాళ్లంతా మధురవాణికి దీవానాలయ్యారు. కాని ఆమె చెహరా ఎవరు చూశారు? ఆ రోజుల్లో మన నాటకాల్లో ఆడవేషాలు ఎక్కువగా మగవాళ్లే కట్టేవారు. నాటక సమాజం మారితే మధురవాణి ముఖం మారిపోయేది. మారనిది ఆమె మాట. గిరీశాన్ని, రామప్పంతుల్ని ఒక్క మాటతో బోల్తా కొట్టించే జబాన్. జనం ఇష్క్ దాని మీదే.

తర్వాత సినిమా వచ్చింది. తెలుగులో మొదటి టాకీ భక్త ప్రహ్లాద 1932లో విడుదలయ్యింది. తొలి టాకీల్లో కెమెరా తిరుగుతుండగానే మైకు ముందు పాడాలి. అంటే నటించేవాళ్లకే పాట రావాలి. అందం ఎంత ఉన్నా గొంతు లేకపోతే వేషం దొరకడం కష్టం. సాలూరు పక్కన శివరామపురంలో పుట్టిన రాజేశ్వరరావుకు 1935లో శ్రీకృష్ణ లీలలులో బాలకృష్ణుడి వేషం తెచ్చిపెట్టింది ఆ గొంతే. హిందీలో సైగల్, సురయ్యా, నూర్జహాన్‌ల కథ కూడా ఇదే. అప్పట్లో ఆవాజ్, చెహరా ఒకే మనిషివి.

ప్లేబ్యాక్ వచ్చి ఈ రెంటినీ విడదీసింది. ఎంతగా విడదీసిందంటే, 1949లో వచ్చిన మహల్ సినిమా పాటల రికార్డు మీద లతా మంగేష్కర్ పేరు లేదు. గాయని పేరు "కామిని" అని వేశారు. కామిని అంటే మధుబాల వేసిన పాత్ర! పాడిన మనిషి పేరు పోయి, లేని మనిషి పేరు మిగిలింది. ఉర్దూలో వెండితెరను పర్దా అంటాం. ముఖం దాచే తెరనూ పర్దా అనే అంటాం. సినిమా ఈ రెండు పనులూ ఒకేసారి చేసింది. చెహరాను పర్దా మీదికి తెచ్చింది, ఆవాజ్‌ను పర్దా వెనక్కి పంపింది.

ఆ పర్దా వెనుక నిలబడ్డవాళ్లలో విజయనగరం వాటా చాలా పెద్దది. 1919లో ఇక్కడ పెట్టిన మహారాజా సంగీత కళాశాలకు ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రిన్సిపాల్. కృష్ణా జిల్లా నుంచి వచ్చిన ఘంటసాల ఈ ఊళ్లో మధూకరం ఎత్తుకుని సంగీతం నేర్చుకున్నాడు. ఆ గొంతే తర్వాత ఎన్టీఆర్, ఏఎన్నార్ ఇద్దరిదీ అయ్యింది. 1935లో విజయనగరంలోనే పుట్టిన పి. సుశీల కూడా ఈ కళాశాలలోనే చదువుకుంది.

1955లో కన్యాశుల్కం సినిమాగా వచ్చినప్పుడు మధురవాణికి మొదటిసారి ఒక ఖాయమైన ముఖం దొరికింది. సావిత్రి ముఖం. పాట మాత్రం సుశీలది, సంగీతం ఘంటసాలది. మధురవాణి ఆవాజ్ సొంత ఊరినుంచే వచ్చింది! కాని ఆ సినిమా చూసినవాళ్లకు మధురవాణి అంటే సావిత్రే. అంతకు ముందు చదివిన ప్రతివాడి మనసులో ఒక్కో మధురవాణి ఉండేది. ఇప్పుడు అందరికీ ఒక్కతే.

దీనివల్ల జరిగిన నుక్సాన్ ఏమిటి? గొంతు అరువు దొరుకుతుందని తేలాక హీరోయిన్ దగ్గర మిగిలిన పెట్టుబడి ముఖం, ఒళ్లు, వయసు. వాటి మీద కొలతలు బిగుసుకున్నాయి. సావిత్రి సంగతే చూడండి. ఆమె కష్టాలకు కారణాలు అనేకం. జనం నోళ్లలో నలిగింది మాత్రం ఆమె బరువు. 1981 డిసెంబరులో ఆమె కన్నుమూసింది. మరి సుశీల? ఆమె వయసుతో, బరువుతో ఎవరికీ పని పడలేదు. తరాలు మారాయి, హీరోయిన్లు మారారు, అందరికీ ఆమె పాడుతూనే ఉంది. ఉత్తమ నేపథ్య గాయనిగా తొలి జాతీయ అవార్డు ఆమెదే. 2016లో గిన్నిస్ వాళ్లు లెక్కగట్టిన పాటలు 17,695. ఒకే పాటకు ముఖమిచ్చిన స్త్రీకి ఒక న్యాయం, గొంతిచ్చిన స్త్రీకి ఇంకో న్యాయం.

ఆ కొలతలు తెరమీదే ఆగలేదు. 1975లో ఫెయిర్ అండ్ లవ్లీ బజారుకొచ్చింది. తెల్లదనానికి ట్యూబులో ధర కట్టి అమ్మారు. 2020లో పేరులోంచి ఫెయిర్ తీసేశారు. రిష్తాల దగ్గర మాత్రం "లడ్కీ గోరీ హై క్యా?" అనే సవాల్ ఇంకా పోలేదు. సముద్రపు ఎండలో, వరిచేలల్లో పెరిగిన శ్రీకాకుళం ఆడపిల్లను ఎక్కడో మేకప్ లైట్ల కింద నిలబెట్టిన ముఖంతో పోల్చి నిలబెట్టడం ఇన్సాఫ్ కాదు.

ఇదంతా మార్చలేనిదా? శ్రీకాకుళం జిల్లా లుకలాం అగ్రహారంలో పుట్టిన జె.వి. సోమయాజులును చూడండి. డిప్యూటీ కలెక్టర్ ఉద్యోగం, తమ్ముడు రమణమూర్తితో కలిసి కన్యాశుల్కం నాటకాలు. 1980 ఫిబ్రవరిలో శంకరాభరణం విడుదలయ్యేసరికి ఆయనకు యాభై దాటాయి. డ్యాన్సులు లేవు, ఫైట్లు లేవు. ఇక్కడ కథ తిరగబడింది. చెహరా ఉత్తరాంధ్రది, ఆవాజ్ ఎస్పీ బాలసుబ్రహ్మణ్యానిది. నెరిసిన జుట్టున్న ఆ ముఖాన్ని చూడటానికి జనం బారులు తీరారు. ఇలాంటి ముఖం నడవదని ఎవరు చెప్పారు? చూపించనివాళ్లే చెప్పారు. చూపిస్తే జనం చూశారు. చూపిస్తూ పోతే కళ్లకు అలవాటవుతుంది, అలవాటైనదే అందమని మనం పేరుపెట్టుకుంటాం.

అంచేత సినిమా తారల మీద మోజు పడవద్దని ఎవరికీ నసీహత్ చెప్పను. మోజు పడండి, అది గునాహ్ కాదు. కాని ఆ తార ముఖాన్ని కొలబద్దగా జేబులో పెట్టుకుని రిష్తా చూడటానికి వెళ్లకండి. అక్కడ కూర్చున్న అమ్మాయిని రంగు అడక్కుండా కాసేపు మాట్లాడనివ్వండి. మధురవాణిని మన తాతలు ప్రేమించింది ఆమె మాట విన్నాకే.