కార్యాలయ కంప్యూటర్లలో ఆపరేటింగ్ సిస్టమ్ ప్రతులు: బ్యాకప్, పునరుద్ధరణ, సామూహిక స్థాపనల చరిత్ర – పరిశీలన

వ్యాససంగ్రహం:

కార్యాలయంలో ఒక కంప్యూటర్ చెడిపోతే దానిని మళ్ళీ పనిలోకి తెచ్చే పద్ధతులు గత నాలుగు దశాబ్దాల్లో సమూలంగా మారాయి. దస్త్రాలను ఫ్లాపీల మీద దాచుకునే దశ నుంచి, మొత్తం హార్డ్ డిస్క్‌ను ఒకే ప్రతిగా తీసి వందలాది కంప్యూటర్లలో ఒకేసారి నింపే దశకు ఈ సాంకేతికత చేరుకుంది. ఈ పరిణామాన్ని 1981 నుంచి 2025 వరకు కాలక్రమంలో పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం. ప్రతి తీయడం సులభమైన కొద్దీ మూలానికీ ప్రతికీ మధ్య దూరం తగ్గిపోయిందని, ఇటీవలి పెద్ద సంఘటనల్లో నష్టతీవ్రతకు ఆ దూరం తగ్గడం ఒక ముఖ్యకారణమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఆపరేటింగ్ సిస్టమ్, బ్యాకప్, పునరుద్ధరణ, డిస్క్ ఇమేజ్, ఘోస్ట్, నెట్‌వర్క్ స్థాపన, నాట్‌పెట్యా.

1. ఉపోద్ఘాతం:

తాళపత్ర గ్రంథాలను పరిష్కరించే పండితులకు మాతృక, ప్రతి, పాఠభేదం అన్న మాటలు నిత్యపరిచితాలు. ఒక ప్రతిలో లేఖకుడు చేసిన తప్పు దాని నుంచి పుట్టిన ప్రతులన్నిటిలోకీ సంక్రమిస్తుంది. ప్రతులన్నీ ఒకే చోట ఉంటే చెదలకో అగ్నికో అన్నీ కలిసి ఆహుతవుతాయి. వేర్వేరు ఊళ్ళలో ప్రతులు ఉండడం వల్లనే అనేక గ్రంథాలు నేటిదాకా నిలిచాయి. కంప్యూటర్లలోని ఆపరేటింగ్ సిస్టమ్‌కు ప్రతులు తీసే పనిలోనూ ఈ రెండు సమస్యలే వేర్వేరు రూపాల్లో ఎదురయ్యాయి.

ఈ వ్యాసంలో తరచుగా వచ్చే మూడు మాటల అర్థాన్ని ముందుగా నిర్ణయించుకోవడం అవసరం. ఉన్న స్థితికి ప్రతి తీసి దాచడం బ్యాకప్. ఆ ప్రతి నుంచి పూర్వస్థితిని తిరిగి తేవడం పునరుద్ధరణ. ఒకే మాతృక నుంచి అనేక కంప్యూటర్లను సిద్ధం చేయడం సామూహిక స్థాపన. మొదటి రెండూ నష్టనివారణకు, మూడవది శ్రమ తగ్గించుకోవడానికి పుట్టాయి. కాలక్రమంలో ఈ మూడు పనులనూ ఒకే సాధనం చేయసాగింది. ఈ చరిత్రలోని సౌకర్యమూ ప్రమాదమూ ఆ కలయికలోనే ఉన్నాయి.

2. దస్త్రం నుంచి డిస్క్‌కు:

1981 ఆగస్టులో ఐ.బి.ఎం. సంస్థ విడుదల చేసిన వ్యక్తిగత కంప్యూటర్‌లో హార్డ్ డిస్క్ లేదు. ఆపరేటింగ్ సిస్టమ్ ఒక ఫ్లాపీలో ఉండేది. డిస్క్‌కాపీ ఆదేశంతో ఆ ఫ్లాపీకి నకలు తీసి బీరువాలో పెట్టుకుంటే బ్యాకప్ పూర్తయినట్లే. మూలమూ ప్రతీ చేత్తో పట్టుకోదగిన వస్తువులు కావడంతో వాటిని వేరువేరుగా దాచడం సహజంగానే జరిగేది.

1983 మార్చిలో వచ్చిన ఎక్స్‌టీ నమూనాలో 10 మెగాబైట్ల హార్డ్ డిస్క్ ఉంది. దానితోపాటు వచ్చిన డాస్ 2.0లో బ్యాకప్, రిస్టోర్ అనే ఆదేశాలు చేరాయి. 360 కిలోబైట్ల ఫ్లాపీల మీదికి నిండు హార్డ్ డిస్క్‌ను ఎక్కించాలంటే దాదాపు 30 ఫ్లాపీలు కావాలి. అందువల్ల కార్యాలయాలు ముఖ్యమైన దస్త్రాలను మాత్రమే దాచుకొని, ఆపరేటింగ్ సిస్టమ్‌ను అవసరమైనప్పుడు అసలు ఫ్లాపీల నుంచి మళ్ళీ ఎక్కించుకునేవి.

1995 ఆగస్టు 24న విడుదలైన విండోస్ 95 నాటికి ఈ పద్ధతి భారంగా మారింది. దాని ఫ్లాపీ సంచికలో 13 డిస్కులుండేవి. అవన్నీ ఎక్కించాక ప్రింటర్, నెట్‌వర్క్ కార్డుల డ్రైవర్లు, కార్యాలయ సాఫ్ట్‌వేర్, వినియోగదారుల అమరికలు ఒక్కొక్కటిగా చేర్చాలి. ఈ అమరికల్లో అధికభాగం రిజిస్ట్రీ అనే ఉమ్మడి భాండారంలో నమోదవుతుంది కనుక, ఒక ప్రోగ్రామ్‌కు చెందిన దస్త్రాలను నకలు చేసినంతమాత్రాన ఆ ప్రోగ్రామ్ పనిచేయదు.

తెలుగు డీటీపీ కేంద్రాల అనుభవం ఈ విషయానికి మంచి ఉదాహరణ. అను వంటి యూనికోడేతర ఫాంట్లలో తెలుగు అక్షరరూపాలను రోమన్ లిపికి కేటాయించిన సంకేతస్థానాల్లో అమర్చారు. సిద్ధాంతగ్రంథం దస్త్రం భద్రంగానే ఉన్నా, కొత్తగా సిద్ధం చేసిన కంప్యూటర్‌లో ఆ ఫాంట్ లేకపోతే తెరమీద కనిపించేవి అర్థరహితమైన రోమన్ అక్షరాలు, చిహ్నాలే. కీబోర్డు సాఫ్ట్‌వేర్ లేకపోతే దిద్దుబాటు కూడా సాధ్యం కాదు. 2001లో విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంట్‌తో యూనికోడ్ తెలుగును అందించినా, పాత దస్త్రాలకు పాత పరిసరం అవసరం తీరలేదు. దస్త్రంతోపాటు అది బతికే పరిసరాన్ని కూడా భద్రపరచాలన్న అవసరం నుంచే డిస్క్ ఇమేజ్ పద్ధతికి ఆదరణ పెరిగింది.

3. ఘోస్ట్: మొత్తం డిస్కే ఒక ప్రతి:

న్యూజిలాండ్‌లోని ఆక్లండ్‌లో బైనరీ రీసెర్చ్ సంస్థ కోసం మర్రే హాజర్డ్ 1995లో ఘోస్ట్ అనే సాధనాన్ని రూపొందించాడు. జనరల్ హార్డ్‌వేర్ ఓరియెంటెడ్ సిస్టమ్ ట్రాన్స్‌ఫర్ అన్న పదబంధానికి ఇది సంక్షిప్తరూపం. ఆపరేటింగ్ సిస్టమ్, ప్రోగ్రాములు, అమరికలు, దస్త్రాలు అన్నిటితో కూడిన డిస్క్‌ను అది ఒకే ఇమేజ్ దస్త్రంగా మార్చగలిగేది. డిస్క్ మీది దస్త్రాల అమరికను గ్రహించి, నిండిన భాగాన్ని మాత్రమే నకలు చేయడం వల్ల సమయం ఆదా అయ్యేది. వేరే పరిమాణం గల డిస్క్ మీద కూడా ఆ ప్రతిని దించే వీలుండేది.

1998లో సిమాంటెక్ సంస్థ ఘోస్ట్‌ను కొనుగోలు చేసింది. కంప్యూటర్ ప్రయోగశాలల్లో, కార్యాలయాల్లో ‘ఘోస్ట్ చేయడం’ అన్న క్రియ వాడుకలో స్థిరపడింది. పూర్తిగా అమర్చిన ఒక కంప్యూటర్‌ను మాతృకగా పెట్టుకుంటే మిగిలినవాటిని గంటలకు బదులు నిమిషాల్లో సిద్ధం చేయవచ్చు. తరువాతి కాలంలో తైవాన్ జాతీయ అధికసామర్థ్య గణన కేంద్రం నుంచి వచ్చిన క్లోన్‌జిల్లా, 2007లో మొదలైన ఫాగ్ ప్రాజెక్టు ఇదే సదుపాయాన్ని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌గా అందించాయి. లైసెన్సు ఖర్చు భరించలేని విద్యాసంస్థలకు ఇవి ఆసరా అయ్యాయి.

4. గుర్తింపు, హార్డ్‌వేర్ సమస్యలు:

నకలు కచ్చితంగా ఉండడమే ఒక సమస్యకు దారితీసింది. విండోస్ ఎన్‌టీ కుటుంబంలో ప్రతి కంప్యూటర్‌కూ స్థాపన సమయంలో ఒక భద్రతా గుర్తింపు సంఖ్య ఏర్పడుతుంది. మాతృక నుంచి వంద ప్రతులు తీస్తే వంద కంప్యూటర్లకూ ఒకే గుర్తింపు వస్తుంది. దీనిని మార్చడానికి మార్క్ రుసినోవిచ్ 1997లో ఒక సాధనాన్ని రాశాడు. అదే తరువాత న్యూసిడ్‌గా ప్రసిద్ధమైంది. మైక్రోసాఫ్ట్ తన వంతుగా సిస్‌ప్రెప్ అనే సాధనాన్ని అందించింది. ఇమేజ్ తీయడానికి ముందే అది కంప్యూటర్ సొంత గుర్తులను చెరిపివేస్తుంది. ప్రతిని దించిన తరువాత ఆ కంప్యూటర్ తనకు కొత్త గుర్తింపును ఏర్పరచుకుంటుంది.

2009 నవంబరులో రుసినోవిచ్ స్వయంగా న్యూసిడ్‌ను ఉపసంహరించాడు. ఒక కంప్యూటర్ గుర్తింపు సంఖ్య దాని వెలుపల ఎక్కడా వినియోగం కాదు కనుక, రెండింటికి ఒకే సంఖ్య ఉన్నా భద్రతకు ముప్పు లేదని ఆయన వాదించాడు. అయితే ఇతర గుర్తులను కూడా చెరిపే సిస్‌ప్రెప్ వాడకం తప్పనిసరేనని స్పష్టం చేశాడు. 2025 ఆగస్టు చివరి నుంచి వచ్చిన విండోస్ నవీకరణలతో ఈ చర్చ కొత్త మలుపు తిరిగింది. భద్రతా తనిఖీ కఠినం కావడంతో, ఒకే గుర్తింపు సంఖ్య గల కంప్యూటర్ల మధ్య లాగిన్ ధ్రువీకరణ విఫలమవసాగింది. సిస్‌ప్రెప్ చేయకుండా తీసిన ప్రతుల్లో ఏళ్ల తరబడి ఇబ్బంది పెట్టని దోషం అలా ఒక్కసారిగా బయటపడింది.

రెండవ సమస్య హార్డ్‌వేర్‌ది. విండోస్ 2000, ఎక్స్‌పీలలో ఆపరేటింగ్ సిస్టమ్‌కూ హార్డ్‌వేర్‌కూ మధ్య పనిచేసే పొర ఆయా కంప్యూటర్ రకాన్ని బట్టి మారేది. ఒక రకం కంప్యూటర్‌లో తీసిన ఇమేజ్ మరో రకంలో తెరుచుకోకపోవచ్చు. కొనుగోళ్ళు విడతలవారీగా జరిగే కార్యాలయాలు అనేక మాతృకలను పోషించవలసి వచ్చేది. 2006 నవంబరులో వ్యాపారసంస్థలకు విడుదలైన విండోస్ విస్టా ఈ పరాధీనతను చాలావరకు తొలగించింది. దానితో వచ్చిన విమ్ ఇమేజ్ డిస్క్ భాగాలకు బదులు దస్త్రాలను ఆధారం చేసుకుంటుంది. ఒకే దస్త్రం పలు ఇమేజ్‌లలో ఉన్నా దానిని ఒక్కసారే నిల్వ చేస్తుంది.

5. నెట్‌వర్క్ మీదుగా స్థాపన:

కంప్యూటర్ తన డిస్క్‌లో ఏమీ లేకపోయినా నెట్‌వర్క్ నుంచి ప్రారంభం కావడానికి ఇంటెల్ పీఎక్స్‌ఈ అనే ప్రమాణాన్ని రూపొందించింది. దాని 2.1 సంచిక 1999 సెప్టెంబరులో వెలువడింది. దీనితో ఫ్లాపీ గానీ సీడీ గానీ లేకుండానే సర్వర్‌లోని మాతృకను అందుకోవడం సాధ్యమైంది. మల్టీకాస్ట్ పద్ధతి వేగాన్ని మరింత పెంచింది. నలభై కంప్యూటర్లకు విడివిడిగా పంపితే ఇమేజ్ నలభైసార్లు నెట్‌వర్క్ మీద ప్రయాణించాలి. మల్టీకాస్ట్‌లో ఒక్కసారి ప్రసారం చేస్తే నలభై కంప్యూటర్లూ ఏకకాలంలో అందుకుంటాయి.

ఇమేజ్ మార్గానికి సమాంతరంగా మరో మార్గం కూడా వికసించింది. సన్ సంస్థ జంప్‌స్టార్ట్, రెడ్ హ్యాట్ కిక్‌స్టార్ట్, కొలోన్ విశ్వవిద్యాలయంలో థామస్ లాంగె 1999లో ప్రారంభించిన ఫాయ్ వంటివి నకలు తీయవు. ఏమేమి ఎక్కించాలో తెలిపే సూచనల దస్త్రాన్ని అనుసరించి ప్రతి కంప్యూటర్‌ను మొదటి నుంచి నిర్మిస్తాయి. నకలు వేగంగా పూర్తవుతుంది కాని త్వరగా పాతబడుతుంది. నిర్మాణానికి సమయం పడుతుంది కాని అందులో ఏముందో చదివి తెలుసుకోవచ్చు. 2017లో మైక్రోసాఫ్ట్ ప్రవేశపెట్టిన ఆటోపైలట్, తయారీదారు ఇచ్చిన విండోస్‌ను అలాగే ఉంచి అమరికలను మాత్రం ఇంటర్నెట్ ద్వారా చేరుస్తుంది. ఈ రెండు మార్గాల్లోనూ అధికారం ఒక కేంద్రంలోనే చేరింది.

6. దూరం కోల్పోయిన ప్రతులు:

ఆ కేంద్రీకరణ పర్యవసానం 2014 మేలో అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో కనిపించింది. విండోస్ 7 స్థాపన ఆదేశం పొరపాటున అక్కడి విండోస్ కంప్యూటర్లన్నిటికీ వెళ్ళింది. అవి ఆదేశాన్ని పాటించి తమ డిస్కులను చెరుపుకోవడం మొదలుపెట్టాయి. స్థాపనను నిర్వహించే సర్వర్ సైతం అదే ఆదేశానికి లోబడి చెరిగిపోయింది. పునరుద్ధరణకు ఉద్దేశించిన సాధనం ఇక్కడ విధ్వంస సాధనమైంది.

2017 జూన్ 27న నాట్‌పెట్యా దాడి నౌకారవాణా సంస్థ మేర్స్క్‌ను స్తంభింపజేసింది. ముంబయి సమీపంలోని జవహర్‌లాల్ నెహ్రూ పోర్టులో ఆ సంస్థ టెర్మినల్ కూడా దీనికి గురైంది. అనేక సర్వర్లకు కొద్ది రోజుల కిందటి బ్యాకప్‌లు ఉన్నాయి. ఎవరికి ఏ అనుమతులున్నాయో నిర్ణయించే డొమైన్ కంట్రోలర్లకు మాత్రం విడిగా బ్యాకప్ లేదు. సుమారు 150 కంట్రోలర్లు నిరంతరం ఒకదానితో ఒకటి సమాచారాన్ని సరిపోల్చుకుంటాయి కనుక, ఒకటి పోయినా మిగిలినవి ఆదుకుంటాయన్న నమ్మకం దీనికి మూలం. అన్నీ ఒకేసారి పోవచ్చునన్న ఊహకు అందులో చోటు లేదు.

మిగిలిన ఒకే ఒక్క కంట్రోలర్ ఘనాలో ఉంది. దాడి సమయానికి అక్కడ కరెంటు పోవడంతో అది నెట్‌వర్క్ నుంచి విడిపోయి బతికింది. అక్కడి ఇంటర్నెట్ వేగం చాలక దానిలోని సమాచారాన్ని నేరుగా పంపడం కుదరలేదు. ఘనా ఉద్యోగులకు బ్రిటన్ వీసా లేనందున, ఒకరు హార్డ్ డిస్క్‌ను నైజీరియాకు తీసుకువెళ్ళి మరొకరికి అప్పగించగా అది ఇంగ్లండ్ చేరింది. సంస్థ అధ్యక్షుడు జిమ్ హేగమన్ స్నాబే 2018 జనవరిలో దావోస్‌లో వెల్లడించిన లెక్క ప్రకారం 4,000 సర్వర్లను, 45,000 కంప్యూటర్లను, 2,500 అప్లికేషన్లను పది రోజుల్లో మళ్ళీ స్థాపించారు. సామూహిక స్థాపన శక్తికి ఇది నిదర్శనం. ఆ శక్తి పూర్తిగా వినియోగంలోకి రావడానికి మాత్రం నెట్‌వర్క్‌కు తెగిపోయిన ఒక ప్రతి కావలసి వచ్చింది. ఆ దూరం ఎవరి ప్రణాళికా కాదు, విద్యుత్ కోత ఫలితం.

2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ పంపిన దోషపూరిత నవీకరణతో దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు ఆగిపోయాయని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. శంషాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు చేతితో రాసిన బోర్డింగ్ పాసులు ఇవ్వవలసి వచ్చింది. తెరుచుకోని కంప్యూటర్‌ను దూరం నుంచి సరిచేయడం కుదరక, సిబ్బంది ఒక్కొక్క దాని దగ్గరికి వెళ్ళి ఒక దస్త్రాన్ని తొలగించారు. దోషం గంటన్నర లోపు వేలాది సంస్థలకు వ్యాపించగా, దానిని సరిదిద్దడానికి రోజులు పట్టాయి.

7. ముగింపు:

• కార్యాలయ కంప్యూటర్ బ్యాకప్‌కు ప్రమాణం దస్త్రం నుంచి డిస్క్‌కు, డిస్క్ నుంచి అమరికల సూచనలకు మారింది. దస్త్రానికి దాని పరిసరం కూడా అవసరమన్న గ్రహింపు ఈ మార్పుకు మూలం.

• గుర్తింపు సంఖ్యల చరిత్రను బట్టి, మాతృకలోని దోషం ప్రతుల్లో చాలాకాలం నిద్రాణంగా ఉండి, పరిసరం మారినప్పుడు బయటపడగలదని తెలుస్తున్నది.

• పరస్పరం సరిపోల్చుకునే సర్వర్లు ఎన్ని ఉన్నా అవి బ్యాకప్‌తో సమానం కావు. వాటి మధ్య మేలు ఎంత వేగంగా వ్యాపిస్తుందో కీడూ అంతే వేగంగా వ్యాపిస్తుంది.

• ఛాయాగ్రాహకుడు పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 సూత్రం మూడు ప్రతులను, రెండు రకాల మాధ్యమాలను, వేరే చోట ఒక ప్రతిని కోరుతుంది. ఫ్లాపీల కాలంలో అప్రయత్నంగా లభించిన దూరాన్ని నెట్‌వర్క్ యుగంలో ఉద్దేశపూర్వకంగా ఏర్పరచుకోవాలన్నదే ఈ సూత్రంలోని సారం.

• సిద్ధాంతగ్రంథాలను, శాసనాల ఛాయాచిత్రాలను, డిజిటల్ తాళపత్రాలను భద్రపరచే విశ్వవిద్యాలయ శాఖలకు ఈ చరిత్ర నేరుగా వర్తిస్తుంది. కంప్యూటర్‌కు ఎప్పుడూ తగిలించి ఉంచిన బ్యాకప్ డిస్క్ ఆ కంప్యూటర్‌తోపాటే నశించవచ్చు. విడిగా దాచిన ప్రతిని సైతం ఎప్పటికప్పుడు మరో కంప్యూటర్‌లో దించి, ఫాంట్లతో సహా తెరుచుకుంటున్నదో లేదో చూసుకున్నప్పుడే అది పునరుద్ధరణకు పనికివస్తుందని నిర్ధారణ అవుతుంది.