కొల్లిపాక నుంచి తాలీం దాకా: తెలంగాణలో కుస్తీ గురువులు

కుస్తీలో గెలిచే కాలం తక్కువ. ముప్పై అయిదేళ్లు దాటేసరికి ఎంతటి పహిల్వానుకైనా ఒళ్లు మొరాయిస్తుంది. ఆ తర్వాత అతనికి మిగిలేది తన విద్యను చిన్నవాళ్లకు నేర్పడమే. పట్టు వేయడం, పట్టు విడిపించుకోవడం పుస్తకం చూసి వచ్చేవి కావు. ఒకరి ఒంటి నుంచి మరొకరి ఒంటికి అందవలసినవి. అందుకే ఈ విద్య చరిత్ర చాలావరకు గురువుల చరిత్ర. వాళ్లకు కూడు పెట్టిన చేతులు కాలాన్నిబట్టి మారాయి. మొదట రాజాస్థానం, తర్వాత జాగీర్దార్లు, బస్తీ పెద్దలు, ఆ తర్వాత బడి, ఇప్పుడు క్రీడాశాఖ. పోషకుడు మారినప్పుడల్లా నేర్చుకునేవాళ్లు మారారు, నేర్పే తీరూ మారింది.

ఈ చరిత్రలో తొలి మజిలీల్లో ఒకటి ఆలేరు పక్కనే ఉంది. సికింద్రాబాద్-కాజీపేట రైలు మార్గంలో ఉన్న ఆలేరు 2016 దాకా నల్లగొండ జిల్లాలో ఉండేది. ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలోది. దానికి దగ్గరలోని కొలనుపాక, శాసనాల్లోని కొల్లిపాక, కల్యాణి చాళుక్యుల కాలంలో ఒక పెద్ద రాష్ట్ర విభాగానికి ముఖ్యపట్టణం. ఆ వంశపు రాజు మూడో సోమేశ్వరుడు 1126 నుంచి 1138 వరకు పాలించాడు. అతని పేరుతో వెలసిన సంస్కృత గ్రంథం 'మానసోల్లాసం'లో 'మల్లవినోదం' అనే అధ్యాయం ఉంది. మల్లులను వయసు, దేహపరిమాణం, బలం చూసి తరగతులుగా విడదీయడం, వాళ్లు చేయవలసిన వ్యాయామం, తినవలసిన తిండి అందులో ఉన్నాయి. పప్పుధాన్యాలు, మాంసం, పాలు, చక్కెర, మేలైన మిఠాయిలు సమకూర్చే భారం రాజుదే. మల్లులు అంతఃపుర స్త్రీలకు దూరంగా ఉండి దేహాన్ని పెంచుకోవడంలోనే మనసు పెట్టాలి. పట్ల పేర్లు కూడా ఇచ్చారు గాని, ఏ పట్టు ఎలా వేయాలో రాయలేదు. ఆ వివరం గురువు దగ్గరే దొరకాలన్నమాట.

విజయనగర సామ్రాజ్య కాలానికి రాజే స్వయంగా సాధకుడు. 1520 ప్రాంతంలో దాని రాజధానికి వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ కృష్ణదేవరాయల దినచర్యను రాశాడు. రాయలు తెల్లవారకముందే అర లీటరుకు కొంచెం తక్కువగా నువ్వుల నూనె తాగి, ఒళ్లంతా నూనె పట్టించి, బరువైన మట్టి గుండ్లు ఎత్తేవాడట. కత్తిసాము చేసి తాగిన నూనెంతా చెమటగా పోయాక, తన మల్లుల్లో ఒకడితో కుస్తీ పట్టేవాడట. మహర్నవమి వేడుకల్లో రాజు ఎదుట మల్లుల పోటీలు జరిగేవి. అప్పటికింకా మల్లుడు ఆస్థానంవాడే. అతని బతుకు, శిక్షణ, పోటీ అన్నీ కోట చుట్టూనే తిరిగేవి.

నిజాం రాజ్యంలో ఆ విద్య ఊళ్లలోకి, బస్తీల్లోకి దిగింది. హైదరాబాదు పాతబస్తీలోనూ జిల్లా పట్టణాల్లోనూ తాలీంలు వెలిశాయి. నిజాం కొలువులోని అరబ్బు సిపాయిల నివాసంగా మొదలైన బార్కాస్ పహిల్వాన్లకు పేరుపడింది. తాలీం అంటే ఒక చిన్న గది, దాని నడుమ మెత్తటి ఎర్రమట్టి గుంట. ఆ మట్టిలో నూనె, పసుపు, మజ్జిగ కలిపేవారు. గట్టిపడకుండా రోజూ పారతో తవ్వేవారు. ఆ తవ్వకమే కొత్త శాగిర్దుకు, అంటే శిష్యుడికి, మొదటి కసరత్తు. మట్టి తవ్వినవాడికి భుజాలు, నడుము వాటంతటవే గట్టిపడతాయి. ఆ తర్వాత దండీలు, బస్కీలు, ముద్గరాలు తిప్పడం, గద ఎత్తడం. ఇవన్నీ ఒంటబట్టాకే పట్లు. గోడమీద హనుమంతుడి బొమ్మ ఉన్న తాలీంలు ఉండేవి, అలీ పేరు తలచి మట్టిలోకి దిగే తాలీంలూ ఉండేవి. శాగిర్దు రెంటిలో దేనికి వెళ్లినా కసరత్తు ఒకటే.

తాలీం గురువైన ఉస్తాదు జీతగాడు కాడు. శాగిర్దు తెచ్చి ఇచ్చేది నజరానా. జాగీర్దారో షావుకారో పాలకు, బాదంపప్పుకు సాయం చేసేవాడు. ఉస్తాదు తనకు తెలిసిన దావులు (పట్లు) అన్నీ అందరికీ చెప్పేవాడు కాదు. నమ్మకం కుదిరిన ఒకరిద్దరికే చివరి మెళకువలు చెప్పేవాడు. శాగిర్దు గెలిస్తే ఆ పేరు తాలీందే, ఓడితే ఆ తలవంపూ తాలీందే. ఈ పద్ధతిలో మేటి మల్లుడు తయారయ్యేవాడు గాని, ఉస్తాదుతోపాటే కొన్ని పట్లు మాయమయ్యేవి.

జాతరలు ఈ శిక్షణకు పరీక్షలు. ఉత్తర తెలంగాణ పల్లెల్లో ఈ పోటీలు నేటికీ నిలిచాయి. హోళీకో, ఉగాదికో, ఊరి దేవుడి జాతరకో గ్రామపెద్దలు పోటీలు పెట్టిస్తారు. మొదట పిల్లలు దిగుతారు, గెలిచినవాడికి కొబ్బరికాయ. పొద్దు వాలేకొద్దీ బహుమతి పెరుగుతుంది. చివరి కుస్తీ గెలిచినవాడికి వెండి కడెం. బరువు తూచే పని లేదు. పెద్దల కంటి అంచనాతోనే జోడీ కుదురుతుంది. ఎదుటివాణ్ని వెల్లకిలా పడేసి వీపు మట్టికి ఆనిస్తే గెలుపు. కొబ్బరికాయ దగ్గర మొదలైన పిల్లవాడు ఏళ్లు గడిచేకొద్దీ కడెం దాకా చేరే ఈ మెట్ల వరుసే పల్లె కుస్తీకి క్రీడాపాఠశాల.

మల్లుడు బడి పంతులు కావడం తెలుగునాట కోడి రామమూర్తి నాయుడితో స్పష్టంగా కనిపిస్తుంది. వీరఘట్టంలో పుట్టి, ఉత్తరాంధ్రలోని విజయనగరంలో పినతండ్రి ఇంట పెరిగి, చిన్ననాడే కుస్తీ పట్టిన ఆయన మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది వచ్చి విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడయ్యాడు. తర్వాత సర్కస్ కంపెనీ పెట్టి, ఇనుపగొలుసులు తెంచడం, రొమ్ము మీద ఏనుగును నిలపడం వంటి ప్రదర్శనలతో 'కలియుగ భీముడు'గా పేరు పొందాడు. 1942లో కన్నుమూశాడు. జనం గుర్తుంచుకున్నది ఆ ప్రదర్శనలనే. కుస్తీ గురువుల చరిత్రకు మాత్రం ఆయన పంతులు ఉద్యోగమే ముఖ్యం: వ్యాయామం నేర్పేవాడికి నెలజీతం, నేర్చుకునేవాడికి తరగతి గది అప్పుడే అమరాయి.

హైదరాబాదు రాజ్యంలోనూ అదే దారి తెరుచుకుంది. 1930ల తొలినాళ్లలో వ్యాయామ విద్యా కళాశాల ఏర్పడింది. ఆర్యసమాజం తన శాఖలతోపాటు వ్యాయామశాలలు నడిపింది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. పాలకు, బాదంకు డబ్బిచ్చిన చేయి ఆగిపోవడంతో తాలీంలు బస్తీవాళ్ల చందాల మీద బతకవలసి వచ్చింది. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో మహారాష్ట్ర మల్లుడు ఖాశాబా జాధవ్ కాంస్యం గెలిచాడు. స్వతంత్ర భారతానికి అది తొలి వ్యక్తిగత పతకం. మట్టిలో ఎదిగినవాడు ఒలింపిక్ కుస్తీ జరిగే చాపమీద గెలవగలడని దాంతో తేలింది. చాపమీద సాధన వేరుగా ఉండాలనీ తెలిసింది.

1961లో పటియాలాలో జాతీయ క్రీడా సంస్థ మొదలయ్యాక కోచ్‌గిరీకి చదువు, పట్టా వచ్చాయి. 1982 ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన సత్పాల్ సింగ్ ఢిల్లీ ఛత్రసాల్ స్టేడియంలో సుశీల్ కుమార్, యోగేశ్వర్ దత్ వంటివాళ్లను తీర్చిదిద్దాడు. ఆయన పద్ధతిలో పాత అఖాడా క్రమశిక్షణ, కొత్త చాప కుస్తీ కలిశాయి. చాపమీద ఆట మూడేసి నిమిషాల రెండు అంకాలుగా సాగుతుంది. ప్రతి పట్టుకూ పాయింటు. గంటసేపు ఓపిక పట్టి ఒక్క దావుతో ముగించే పల్లె పహిల్వాను, ఆరు నిమిషాల్లో పాయింట్లు కూడగట్టే నేర్పు కొత్తగా అలవరచుకోవాలి. బరువుల తరగతులు రావడంతో సన్నటి పిల్లవాడికీ చోటు దొరికింది. పాత తాలీం గుమ్మం దాటనివ్వని ఆడపిల్లలకు చాప దారి ఇచ్చింది. 2004లో మహిళల కుస్తీ ఒలింపిక్స్‌లో చేరింది. 2016లో సాక్షి మలిక్ కాంస్యం గెలిచింది.

ఈనాటి వ్యవస్థ పిల్లలను చిన్న వయసులోనే ఏరుతుంది. 1993లో హకీంపేటలో నెలకొన్న ప్రభుత్వ క్రీడాపాఠశాల నాలుగో తరగతిలోనే ప్రవేశం ఇస్తుంది. ఆలేరు వంటి మండలాల్లో పరుగు, దూకడం వంటి పరీక్షలతో మొదలయ్యే ఎంపిక జిల్లా, రాష్ట్ర స్థాయిల దాకా సాగుతుంది. పిల్లల వయసు, దేహం చూసి విడదీయడం, తిండి ఖర్చు ప్రభుత్వం భరించడం 'మల్లవినోదం'లో ఉన్నవే. మారినదల్లా ఎవరికి తలుపు తెరుస్తారన్నది. అప్పుడు రాజు మెచ్చిన మల్లుడికే తెరిచేవారు, ఇప్పుడు పరీక్ష నెగ్గిన ఏ పిల్లకైనా, పిల్లవాడికైనా తెరుస్తున్నారు. మట్టి తాలీంలు మాత్రం ఈ లెక్కల్లోకి రాలేదు. వాటి ఉస్తాదులకు పట్టాలు లేవు గనుక జీతాలూ లేవు. అవి నేటికీ చందాల మీద, పాత శాగిర్దుల అభిమానం మీద నడుస్తున్నాయి.