చేతి కంప్యూటరుతో బార్‌కోడ్ స్కానింగ్: కర్నూలు, కడప జిల్లాలు

బార్‌కోడ్ స్కానింగ్ అంటే వస్తువు మీదనో, సంచి మీదనో, కార్డు మీదనో అచ్చువేసిన గీతలను లేదా చిన్న గడులను కాంతి సాయంతో చదివి, వాటిలో సంకేత రూపంలో ఉన్న అంకెలను, అక్షరాలను కంప్యూటరుకు అందించే పద్ధతి. చదివే కటకం, సంకేతాన్ని విప్పే ప్రాసెసరు, తెర, బ్యాటరీ, సమాచారాన్ని దూరంలోని సర్వరుకు పంపే సిమ్ కార్డు అన్నీ ఒకే పెట్టెలో ఉండి, ఒక చేత పట్టుకొని నడుస్తూ వాడుకోవడానికి వీలైన యంత్రాన్ని చేతి కంప్యూటరు అంటారు. దుకాణపు బల్లకు వైరుతో కట్టిన స్కానరు దగ్గరికి సరుకే రావాలి. చేతి కంప్యూటరు సరుకు ఉన్న చోటికి, మనిషి ఉన్న చోటికి తానే వెళ్తుంది. ఉమ్మడి కర్నూలు, కడప జిల్లాలలో, అంటే 2022 ఏప్రిల్ 4న నంద్యాల, అన్నమయ్య జిల్లాలు ఏర్పడక ముందున్న హద్దులలో, ఈ సాధనం రేషన్ స్టోరులోనూ, పల్లె పోస్టాఫీసులోనూ, పశువుల పాకలోనూ, ఆదోని జిన్నింగు మిల్లులోనూ సామాన్యుల పనిలో భాగమైంది.

ఈ పద్ధతిని గురించి మొదట గ్రహించవలసిన సంగతి ఒకటుంది. సాధారణమైన గీతల కోడులో సరుకు ధర గానీ, ఆవు వయసు గానీ, కార్డుదారు కుటుంబ వివరం గానీ ఉండవు. ఉండేది ఒక సంఖ్య మాత్రమే. ఆ సంఖ్య ఎవరిది, దానికి ఏమి ఇవ్వాలి, ఇదివరకే ఏమి ఇచ్చారు అన్న వివరాలన్నీ ఎక్కడో ఉన్న సర్వరులోని ఖాతాలో ఉంటాయి. అందుచేత కోడు సరిగా చదవబడినంత మాత్రాన పని పూర్తయినట్లు కాదు. యంత్రానికీ ఆ ఖాతాకూ మధ్య సంబంధం నిలిచి ఉన్నంతవరకే చదివిన సంఖ్యకు అర్థం ఉంటుంది, రాయలసీమ పల్లెల్లో ఈ యంత్రాల మంచిచెడ్డలన్నీ దాదాపు ఈ ఒక్క విషయం మీదనే ఆధారపడి ఉన్నాయి.

పుట్టుక

గీతల సంకేతానికి నార్మన్ జోసెఫ్ వుడ్‌లాండ్, బెర్నార్డ్ సిల్వర్ అనే అమెరికన్లు 1949లో పేటెంటు కోరగా 1952 అక్టోబరు 7న అది లభించింది. అయితే చదవడానికి తగిన చవక లేజర్లు, కంప్యూటర్లు రావడానికి రెండు దశాబ్దాలు పట్టింది. 1974 జూన్ 26న ఒహైయో రాష్ట్రంలోని ట్రాయ్ పట్టణంలో ఒక సూపర్‌మార్కెట్టులో చూయింగ్ గమ్ పొట్లాన్ని చదవడంతో దుకాణాలలో దీని వాడకం మొదలైంది. జపానుకు చెందిన డెన్సో వేవ్ సంస్థలో మసహిరో హారా బృందం 1994లో క్యూఆర్ కోడును రూపొందించింది. మన దేశంలో సరుకుల సంఖ్యలను కేటాయించే జీఎస్1 ఇండియా 1996లో ఏర్పడింది. ఆ సంస్థ ఇచ్చే సంఖ్యలు 890తో మొదలవుతాయి. ఆ మూడంకెలు సంఖ్యను కేటాయించిన సంస్థను మాత్రమే తెలుపుతాయి గనుక, సరుకు ఇక్కడే తయారైందనడానికి వాటిని సాక్ష్యంగా తీసుకోరాదు.

చదివే తీరు

నల్లని గీత కాంతిని పీల్చుకుంటుంది, తెల్లని ఖాళీ దాన్ని తిప్పి పంపుతుంది. తిరిగివచ్చిన కాంతిలోని హెచ్చుతగ్గులను యంత్రం విద్యుత్ సంకేతంగా మార్చి, గీతల వెడల్పులను ఒకదానితో ఒకటి పోల్చి అంకెలను రాబడుతుంది. దీనికి రెండు మార్గాలున్నాయి. లేజరు స్కానరు ఎర్రని కాంతిరేఖను గీతలకు అడ్డంగా ఆడిస్తుంది. ఇమేజరు అనేది కెమెరా వలె కోడు మొత్తాన్ని బొమ్మగా పట్టి, ఆ బొమ్మలో వెతుకుతుంది. నిలువు, అడ్డం రెండు దిశలలోనూ సమాచారం ఉండే క్యూఆర్ కోడును ఒకే రేఖతో చదివే లేజరు చదవలేదు గనుక, ఈ ప్రాంతంలో క్యూఆర్ వాడకం పెరిగేకొద్దీ ఇమేజరు ఉన్న యంత్రాలు తప్పనిసరి అవుతున్నాయి. యంత్రం విసిరే కాంతి ఎరుపు కావడం వల్ల ఎరుపు రంగు గీతలు దానికి తెల్లగానే కనబడతాయి. అందుకే సంచుల మీద అందానికని కోడును ఎర్రసిరాతో అచ్చువేస్తే అది కంటికి ఎంత స్పష్టంగా కనబడినా యంత్రానికి దొరకదు. కోడుకు ఇరువైపులా వదలవలసిన ఖాళీ స్థలం మీద ధర చీటీ అంటించినా, సంచి కుట్టు పడినా అదే ఇబ్బంది కలుగుతుంది.

చదివినది సరైనదేనా అని తేల్చడానికి సంఖ్య చివర ఒక తనిఖీ అంకె ఉంటుంది. దుకాణాల సరుకుల మీద కనబడే 13 అంకెల ఈఏఎన్ పద్ధతిలో మొదటి పన్నెండు అంకెలలో బేసి స్థానాలవాటిని ఉన్నవున్నట్లుగా, సరి స్థానాలవాటిని మూడేసి రెట్లు చేసి కూడి, ఆ మొత్తాన్ని పదితో నిశ్శేషంగా భాగించడానికి ఇంకా ఎంత కలపాలో ఆ అంకెను చివర ఉంచుతారు. 890123456789 అనే సంఖ్యను తీసుకుంటే బేసి స్థానాల మొత్తం 28, సరి స్థానాల మొత్తం 34. 34ను మూడు రెట్లు చేస్తే 102, రెండూ కలిపితే 130. అది పదితో నిశ్శేషంగా పోతుంది గనుక తనిఖీ అంకె 0. ఏ ఒక్క అంకె తప్పుగా చదవబడినా ఈ లెక్క తప్పకుండా పట్టిస్తుంది. పక్కపక్క అంకెలు తారుమారైతే చాలావరకు పట్టిస్తుంది గానీ, ఆ రెండింటి తేడా సరిగ్గా 5 అయితే పట్టించలేదు. క్యూఆర్ కోడు ఇంకో మెట్టు పైకి వెళ్లి, తప్పును పట్టుకోవడమే కాక సరిదిద్దుకోగలదు. అచ్చువేసేటప్పుడు ఎంచుకున్న స్థాయిని బట్టి సుమారు 7 నుంచి 30 శాతం వరకు చెరిగిపోయినా సమాచారం తిరిగి దొరుకుతుంది. చెమట, దుమ్ము, మడతల మధ్య బతికే కార్డుకు ఈ గుణం ఎంతో అవసరం.

రేషన్ స్టోరు

ఈ జిల్లాలలో చేతి కంప్యూటరు పేదల జీవితాన్ని నేరుగా తాకే చోటు చౌకధరల దుకాణం. ఆంధ్రప్రదేశ్‌లో 2015 నుంచి రేషన్ డీలర్ల చేతికి ఈ-పాస్ యంత్రాలు వచ్చాయి. కార్డు సంఖ్య నమోదు చేసి, వేలిముద్రను ఆధార్ వివరాలతో సరిపోల్చి, ఆ నెల కోటా తెరమీద కనబడ్డాక తూకం వేసి, రసీదు ముద్రించి ఇవ్వడం దాని పని. 2021 జనవరిలో రాష్ట్రవ్యాప్తంగా 9,260 వాహనాలతో ఇంటింటి పంపిణీ ఆరంభించినప్పుడు ఈ యంత్రం బండి ఎక్కి వీధుల్లోకి వచ్చింది. 2025 జూన్ 1 నుంచి పంపిణీ మళ్లీ స్టోర్లకే చేరగా, 65 ఏళ్లు దాటినవారికీ దివ్యాంగులకూ మాత్రం డీలరే ఇంటికి వెళ్లి సరుకు ఇచ్చే ఏర్పాటు చేశారు. యంత్రం చేత పట్టుకొని నడవగలిగినంత చిన్నది కావడం వల్లనే ఈ ఏర్పాటు సాధ్యమైంది.

2025 ఆగస్టులో రాష్ట్ర ప్రభుత్వం ఏటీఎం కార్డు పరిమాణంలో, క్యూఆర్ కోడుతో కూడిన స్మార్ట్ రేషన్ కార్డుల పంపిణీ మొదలుపెట్టింది. అంతకుముందు డీలరు సంఖ్యను మీటలతో కొట్టవలసి వచ్చేది, కాగితం మడతల్లో అంకెలు చెరిగిపోతే మళ్లీ మళ్లీ అడగవలసి వచ్చేది. కోడును చదివించడం వల్ల ఆ దశ రెప్పపాటులో ముగుస్తుంది. అయితే కోడు చెప్పేది కార్డు ఏదన్న మాట మాత్రమే. తెచ్చిన మనిషి ఎవరో వేలిముద్ర చెప్పాలి, అసలు చిక్కు వచ్చేది అక్కడే. బేతంచెర్ల, యర్రగుంట్ల ప్రాంతాల్లో నాపరాళ్లు కొట్టే చేతులకూ, పత్తి ఏరే చేతులకూ వేలి గీతలు అరిగి ఉంటాయి. వేలిముద్ర పడనప్పుడు కనుపాపను చదివించే వీలు ఉన్నా, వృద్ధుల కళ్లలో శుక్లం ఉంటే అదీ కుదరకపోవచ్చు. కార్డు సరైనదే, మనిషీ సరైనవారే అయినప్పుడు యంత్రం ఒప్పుకోలేదన్న కారణంతో బియ్యం ఆపడం అన్యాయం. అటువంటివారికి అధికారి సాక్ష్యంతో సరుకు ఇచ్చే మార్గం యంత్రంలోనే ఉండి తీరాలి, ఆ మార్గం ఉన్నదని కార్డుదారుకు తెలిసి ఉండాలి.

పల్లె పోస్టాఫీసు

తపాలా శాఖలో బార్‌కోడ్ వాడకం రేషన్ కంటే పాతది, పద్ధతిలో ఇంకా పరిపక్వమైనది. స్పీడ్ పోస్టు కవరు మీద కనబడే సంఖ్య అంతర్జాతీయ తపాలా సమాఖ్య ప్రమాణాన్ని అనుసరించి 13 స్థానాలలో ఉంటుంది: సేవ రకాన్ని తెలిపే రెండు అక్షరాలు, ఎనిమిది అంకెల వరుస సంఖ్య, ఒక తనిఖీ అంకె, చివర భారతదేశాన్ని సూచించే రెండు అక్షరాలు. ఎనిమిది అంకెలను వరుసగా 8, 6, 4, 2, 3, 5, 9, 7తో గుణించి, కూడి, 11తో భాగించి తనిఖీ అంకెను రాబడతారు. దర్పణ్ పేరుతో 2017 డిసెంబరులో ఆరంభమైన పథకం కింద గ్రామీణ శాఖా పోస్టాఫీసులకు చేతి యంత్రాలు ఇచ్చారు; కర్నూలు, నంద్యాల, కడప, ప్రొద్దుటూరు తపాలా డివిజన్లలోని పల్లె పోస్టాఫీసులు కూడా ఆ విధంగానే యంత్రాల మీదికి వచ్చాయి. 2018 సెప్టెంబరు 1న మొదలైన ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు ఖాతాదారుకు క్యూఆర్ కార్డు ఇస్తుంది. ఖాతా సంఖ్య గుర్తు పెట్టుకోనక్కరలేకుండా, ఆ కార్డును చదివించి వేలిముద్ర వేస్తే పోస్ట్‌మ్యాన్ ఇంటి ముంగిట్లోనే డబ్బు ఇవ్వగలడు. బ్యాంకు శాఖ ఉన్న ఊరికి బస్సెక్కి వెళ్లవలసిన వృద్ధురాలికి ఇది చిన్న మేలు కాదు.

చెవి పోగు, పత్తి బేలు

పశువులకు చెవి పోగు వేయడం జాతీయ పశువ్యాధుల నియంత్రణ కార్యక్రమంతో విస్తరించింది. 2019 సెప్టెంబరులో ఆరంభమైన ఆ కార్యక్రమంలో గాలికుంటు టీకా వేసిన ప్రతి పశువుకూ 12 అంకెల సంఖ్య గల పసుపు రంగు పోగు తగిలించి, టీకా వివరాన్ని ఆ సంఖ్య కింద నమోదు చేస్తారు. పోగు మీద గీతల కోడు ఉన్నా, తల ఊపే ఎద్దు చెవిమీది గీతలను యంత్రంతో పట్టడం కష్టం గనుక పశువైద్య సిబ్బంది తరచు అంకెలను చూసి కొట్టడమే సులువు. మట్టి అంటిన పోగును తుడిచి, పశువును పట్టుకున్న మనిషి తల నిలిపినప్పుడే కోడు దొరుకుతుంది.

ఆదోని పెద్ద పత్తి మార్కెట్టు. అక్కడి మిల్లులలో గింజ తీసిన దూదిని అదిమి 170 కిలోల బేలుగా కడతారు. సీసీఐగా అందరూ పిలిచే భారత పత్తి సంస్థ తన బేళ్లకు ఒక్కొక్కదానికి క్యూఆర్ కోడు అంటించి, పత్తి ఎక్కడ కొన్నదీ, ఏ మిల్లులో ఎప్పుడు బేలు కట్టినదీ తెలుసుకునే ఏర్పాటు చేసింది. గోదాములో బేళ్లను వరుసలుగా పేర్చినప్పుడు చీటీ బయటివైపు ఉండకపోతే, యంత్రం ఎంత మంచిదైనా బేలును పక్కకు లాగక తప్పదు; ఇక్కడ స్కానింగ్ వేగాన్ని నిర్ణయించేది యంత్రం కాదు, బేలు పేర్చే హమాలీ పనితనం.

ఎండ, దుమ్ము, సిగ్నలు

వేసవిలో కర్నూలు, నంద్యాల, కడపలలో పగటి వేడి 43 డిగ్రీలు దాటడం మామూలే. చేతి కంప్యూటర్లలో చాలావాటిని 50 డిగ్రీల వరకు పనిచేసేలా తయారుచేస్తారు గానీ, బ్యాటరీకి ఛార్జింగు ఎక్కించడానికి హద్దు సాధారణంగా 40 డిగ్రీల దగ్గరే ఉంటుంది. మధ్యాహ్నం రేకుల కప్పు కింద ఛార్జింగు పెట్టిన యంత్రం ఎక్కించుకోకపోతే అది చెడిపోయిందని అనుకోనక్కరలేదు. చల్లబడ్డాక, లేదా తెల్లవారుజామున పెడితే ఎక్కుతుంది. నేరుగా ఎండ పడే చోట తెర మసకబారుతుంది, లేజరు గీత కంటికి కనబడదు, మెరిసే ప్లాస్టిక్ కవరు మీద కాంతి అద్దం మీద పడ్డట్లు యంత్రం కంటిలోకే తిరిగి కొడుతుంది. కార్డును చేతి నీడలో ఉంచి, యంత్రాన్ని నిటారుగా కాక కొద్దిగా వాల్చి పట్టుకుంటే ఈ చిక్కు తీరుతుంది.

దుమ్ము నుంచి రక్షణను ఐపీ అనే ప్రమాణంతో తెలుపుతారు. అందులో మొదటి అంకె 6 అయితే దుమ్ము బొత్తిగా లోపలికి పోదని అర్థం, రెండో అంకె నీటి సంగతి చెబుతుంది. లోపలికి దుమ్ము పోకపోయినా కటకం ముందున్న అద్దం మీద మాత్రం అది పేరుకుంటుంది. నాపరాతి పొడి పట్టిన ఆ అద్దాన్ని కండువా అంచుతో రుద్దితే సన్నని గీతలు పడి, యంత్రం చూపు కొన్నాళ్లకు మందగిస్తుంది. ముందు ఊది, తర్వాత మెత్తని తడిగుడ్డతో తుడవాలి.

వీటన్నిటికంటే కష్టమైనది సిగ్నలు లేకపోవడం. నల్లమల లోపలి చెంచు గూడేలలో, లంకమల, ఎర్రమల కొండల నీడలో ఉన్న పల్లెలలో ఫోను అందే చోటు ఊరికి దూరంగా ఏ గుట్ట మీదనో ఉండవచ్చు. ఇటువంటి చోట్లకు తగిన యంత్రం చదివిన ప్రతి సంఖ్యనూ సమయంతో సహా తనలోనే దాచుకొని, సిగ్నలు దొరికినప్పుడు సర్వరుకు పంపుతుంది. పంపేటప్పుడు మధ్యలో తెగిపోతే మళ్లీ పంపవలసి వస్తుంది; అప్పుడు ఒకే లావాదేవీ రెండుసార్లు నమోదు కాకుండా ఉండడానికి ప్రతిదానికీ యంత్రం తన సొంత వరుస సంఖ్య వేస్తుంది, సర్వరు ఆ సంఖ్య ఇదివరకే వచ్చిందా అని చూసుకొని రెండోదాన్ని వదిలేస్తుంది. కోడు పూర్తిగా చిరిగిపోయి చదవడం కుదరనప్పుడు పనికివచ్చేది గీతల కింద మామూలు అక్షరాలలో అచ్చువేసిన సంఖ్య. దాన్ని మీటలతో కొట్టినప్పుడు, కొట్టడంలో దొర్లే తప్పును కూడా అదే తనిఖీ అంకె చాలావరకు పట్టిస్తుంది.