చార్మినార్ చోటులో టాండా ధాన్యం

పాతబస్తీ చరిత్ర అనగానే మనకు కట్టడాలే గుర్తుకొస్తాయి. 1591 నాటి చార్మినార్, 1617లో పని మొదలైన మక్కా మసీదు. రాళ్లు నిలిచాయి కనుక వాటి చరిత్ర రాశారు. ఎడ్ల వీపుల మీద సాగిన మన లంబాడీల శ్రమకు గుర్తు మిగల్లేదు, వాళ్లు మోసిన ధాన్యాన్ని జనం తినేశారు. అయినా దాన్ని మనం లెక్కకట్టవచ్చు.

17వ శతాబ్దంలో గోల్కొండకు వచ్చిన ఫ్రెంచి వజ్రాల వ్యాపారి తావెర్నియే, మక్కా మసీదు రాయి ఒకదాన్ని లాగడానికి 1,400 ఎడ్లు పట్టాయని రాశాడు. దేశమంతటా బియ్యం, ధాన్యం, ఉప్పు మోసే పది, పన్నెండు వేల ఎడ్ల బిడారుల గురించీ రాశాడు. ఆ మోతగాళ్లను 'మానరీలు' అన్నాడు. వాళ్లు మన బంజారాలే. ఒక్కో ఎద్దు మీద 300 లీవ్రులకు తక్కువ కాని బరువు, అంటే సుమారు 150 కిలోలు.

పదివేల ఎడ్ల మోతకు ఎంత చోటు కావాలి? ఒక ఘనమీటరులో సుమారు 750 కిలోల బియ్యం పడుతుంది. అంటే ఒక ఎద్దు మోత 0.2 ఘనమీటరు, పదివేల ఎడ్లది 2,000 ఘనమీటర్లు. చార్మినార్ ఒక్కో పక్క సుమారు 20 మీటర్లు. అంత చోటు చుట్టూ గోడ కట్టి ఆ బియ్యం పోస్తే 5 మీటర్ల ఎత్తు వస్తుంది, దాదాపు ముగ్గురు మనుషుల నిలువెత్తు. గోనెలుగానే పేరిస్తే మధ్యలో సందులు పోతాయి కనుక పదివేలూ పట్టవు. చోటును గోనె పరిమాణంతో భాగిస్తే వచ్చేది ఎక్కువలో ఎక్కువ ఎన్ని పట్టవచ్చో మాత్రమే.

1874లో సికింద్రాబాదుకు రైలు వచ్చింది. ఎడ్ల మోత క్రమంగా పోయింది. సంతలో కొలత మాత్రం మిగిలింది. 20 సెంటీమీటర్ల ఎత్తున్న గుండ్రటి కుంచం మీద 6 సెంటీమీటర్ల కుప్ప నిలిచిందనుకుందాం. కుప్ప శంకువు కనుక దాని పరిమాణం, అదే అడుగు మీద 2 సెంటీమీటర్ల ఎత్తుకు సమానం. అంటే పదో వంతు అదనం. మన దగ్గర కొనేటప్పుడు కుప్పగా, మనకు అమ్మేటప్పుడు అంచుకు గీసి కొలిస్తే, పది కుంచాలకు ఒక కుంచం ఊరకే పోయినట్టే. చూడ్డానికి అది గుప్పెడు గింజలే.

ఘనపరిమాణం పాఠాన్ని మన బడుల్లో అట్టపెట్టెలతో పాటు కుంచంతో, గోనెతో కూడా చెప్పాలి. అప్పుడు తాతలు ఎంత మోశారో, కొలతలో ఎంత పోగొట్టుకున్నారో పిల్లలే లెక్కవేసి చెబుతారు.