కిడ్నీ జబ్బుకు, మెడలోని గ్రంథికి ఏమిటి సంబంధం?

ఉద్దానంలో కవిటి, సోంపేట, కంచిలి నుంచి పలాస, వజ్రపుకొత్తూరు దాకా కిడ్నీ జబ్బు తెలియని ఊరు లేదు. జబ్బుకు అసలు కారణం ఇంకా తేలలేదు. టెక్కలి, సోంపేట ఆస్పత్రుల్లో డయాలసిస్ జరుగుతోంది. పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబర్ 14న ప్రారంభమయ్యాయి. ఇళ్లలో అందరూ అడిగేది మాత్రం ఒక్కటే: "క్రియేటినిన్ ఎంత వచ్చింది?" ఎముకల నొప్పి, ఒళ్లంతా దురద ఉంటే "డయాలసిస్ అంటే అంతేలే" అని సరిపెట్టుకుంటారు. కొందరిలో దీనికి కారణం మెడలో ఉంటుంది.

థైరాయిడ్ వెనుక సాధారణంగా నాలుగు చిన్న పారాథైరాయిడ్ గ్రంథులుంటాయి. అవి తయారుచేసే పీటీహెచ్ అనే హార్మోన్ రక్తంలో కాల్షియం తగ్గకుండా చూస్తుంది. కిడ్నీలు దెబ్బతింటే రక్తంలో ఫాస్ఫరస్ పెరుగుతుంది, పనిచేసే విటమిన్ డి తగ్గుతుంది, కాల్షియం కూడా పడిపోతుంది. అప్పుడు గ్రంథి ఎక్కువ పీటీహెచ్ వదులుతుంది. అంతటితో ఆగక తానే పెరగడం మొదలుపెడుతుంది.

ఈ పెరుగుదలకు ఆజ్ఞ ఇచ్చేవి గ్రోత్ ఫ్యాక్టర్లు. వీటిని కనుగొన్నందుకే స్టాన్లీ కోహెన్, రీటా లెవీ మోంటాల్చినీలకు 1986లో నోబెల్ బహుమతి వచ్చింది. పారాథైరాయిడ్ కణం టీజీఎఫ్ ఆల్ఫా అనే గ్రోత్ ఫ్యాక్టర్‌ను తయారుచేస్తుంది. అది అదే కణం మీద, పక్క కణాల మీద ఉండే ఈజీఎఫ్ఆర్ అనే గ్రాహకానికి తాళంచెవిలా అతుక్కుంటుంది. వెంటనే "విభజన చెందు" అనే సంకేతం కణం లోపలికి వెళుతుంది. విటమిన్ డి దీనికి బ్రేకు లాంటిది. కానీ ఈ సంకేతమే కణంలో విటమిన్ డి గ్రాహకాలను తగ్గిస్తుంది. అంటే యాక్సిలరేటర్ తొక్కుతున్న కాలే బ్రేకును కూడా పాడుచేస్తోందన్నమాట. ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో ఈజీఎఫ్ఆర్‌ను అడ్డుకుంటే గ్రంథి పెరుగుదల తగ్గింది.

న్యూరోఎండోక్రైన్ కణితుల్లోనూ గ్రోత్ ఫ్యాక్టర్ల సంకేతాలే కణాలను పెంచుతాయి. పాంక్రియాస్‌లో వచ్చే అలాంటి కణితులకు వాడే ఎవరోలిమస్ మందు ఆ సంకేత దారిలోని ఒక మెట్టును ఆపుతుంది. అయితే కిడ్నీ రోగుల్లో పెరిగే ఈ గ్రంథి దాదాపు ఎప్పుడూ క్యాన్సర్ కాదు. ఆ భయం అక్కర్లేదు.

అసలు చిక్కు ఆలస్యం. మొదట గ్రంథి అంతా సమంగా పెరుగుతుంది. అప్పుడు మందులు బాగా పనిచేస్తాయి. తర్వాత గడ్డలు కడతాయి. వాటిలో విటమిన్ డి, కాల్షియం గ్రాహకాలు బాగా తగ్గిపోతాయి కాబట్టి మందుకు లొంగవు. చివరికి ఆపరేషన్ చేయాల్సి రావచ్చు.

అందుకే క్రియేటినిన్‌తో పాటు ఫాస్ఫరస్, కాల్షియం, పీటీహెచ్ పరీక్షల గురించి కూడా డాక్టర్‌ను అడగండి. ఫాస్ఫరస్ మాత్రలు రాసిస్తే అన్నంతోపాటే వేసుకోవాలి, ఖాళీ కడుపున వేసుకుంటే పెద్దగా ఉపయోగం లేదు. డయాలసిస్ ఫాస్ఫరస్‌ను పూర్తిగా తీసేయలేదు. మన పలాస జీడిపప్పులో అది ఎక్కువే. ఈద్ రోజు షీర్ ఖుర్మా వడ్డించేటప్పుడు, ఇంట్లో కిడ్నీ రోగి ఉంటే ఈ మాట గుర్తుంచుకోండి.