సూరత్ పాంజరాపోళ్, హైదరాబాద్ కుక్కలు

తాపీ ఒడ్డున సూరత్‌లో వెనకటికి ఓ ఆసుపత్రి ఉండేది. రోగులంతా మూగజీవాలే. జైన, వైష్ణవ వర్తకుల డబ్బుతో నడిచిన పాంజరాపోళ్ అది. 1689లో సూరత్ రేవుకు చేరిన ఇంగ్లీషు మతగురువు జాన్ ఓవింగ్టన్ దాని గురించి వివరంగా రాశాడు. ఆవులు, గుర్రాలు, మేకలు, కుక్కలకు అక్కడ వైద్యం జరిగేది. నల్లులకూ వేరే చోటుండేది. వాటి ఆకలి తీర్చడానికి ఓ పేదవాడికి కూలి ఇచ్చి రాత్రంతా అక్కడ పడుకోబెట్టేవారట. 1772లో చూడవచ్చిన వారికి, 75 ఏళ్లుగా అక్కడే ఉంటున్న ముసలి తాబేలు కనిపించింది.

అదే ఊళ్లో ఈస్టిండియా కంపెనీ కోఠీ, దానికో సర్జన్ ఉండేవారు. 1670ల్లో జాన్ ఫ్రయర్ ఆ కొలువు చేశాడు. అలాంటి కంపెనీ వైద్యుల పరంపరలోంచే ఇండియన్ మెడికల్ సర్వీస్ వచ్చింది. అది సైనిక సర్వీసు. ఆ వైద్యుల చేతుల్లో జంతువు రోగి కాదు, పాఠం.

అందుకు పెద్ద ఉదాహరణ హైదరాబాద్. సర్జన్ మేజర్ ఎడ్వర్డ్ లారీ 1885లో ఇక్కడ రెసిడెన్సీ సర్జన్‌గా చేరి మెడికల్ స్కూలు బాధ్యత కూడా చూశాడు. అప్పటికి క్లోరోఫాం అనే మత్తుమందు మీద పెద్ద తగువు నడుస్తోంది. 1848లో ఇంగ్లండ్‌లో హన్నా గ్రీనర్ అనే 15 ఏళ్ల అమ్మాయి, కాలి గోరు తీయించుకోబోయి ఆ మత్తులోనే చనిపోయింది. క్లోరోఫాం పట్టినవారు గుండె ఆగి పోతారా, ఊపిరాగి పోతారా? లండన్ వైద్యులు నాడి చూడమన్నారు. ఎడిన్‌బరోలో సర్జన్ సైమ్ దగ్గర నేర్చుకున్న లారీ మాత్రం ఊపిరి ఒక్కటీ కనిపెట్టుకుంటే చాలన్నాడు.

దాన్ని రుజువు చేయడానికి 1888లో హైదరాబాద్‌లో మొదటి కమిషన్ వేసి, వందకు పైగా కుక్కలకు చచ్చేదాకా క్లోరోఫాం పట్టించారు. లండన్ వైద్య పత్రిక ‘లాన్సెట్’ ఒప్పుకోలేదు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ వెయ్యి పౌన్లిచ్చి, ఆ పత్రిక తరఫున వైద్యుడు లాడర్ బ్రంటన్‌ని రప్పించాడు. 1889లో జరిగిన ఆ రెండో కమిషన్‌లో కుక్కలు, కోతులు, మేకలు, పిల్లులు, గుర్రాలు కలిపి అయిదు వందలకు పైగా బలయ్యాయి. రక్తపోటును పొగమసి కాగితంపై గీతలుగా నమోదు చేశారు. కమిషన్ తీర్పు లారీ వైపే మొగ్గింది: ముందు ఆగేది ఊపిరే.

కానీ 1911లో గుడ్‌మన్ లెవీ అనే వైద్యుడు పిల్లులపై చేసిన పరిశోధనలో, తేలికపాటి క్లోరోఫాం మత్తులోనే గుండె గతి తప్పి హఠాత్తుగా ఆగిపోగలదని తేలింది. అంటే అన్ని ప్రాణాలు తీసి చెప్పిన పాఠంలో సగం తప్పు! ఆ కుక్కల లెక్క చదివినప్పుడల్లా మనసును మెలిపెట్టేది ఇదే. ప్రశ్న సరిగ్గా వేయకపోతే ఎన్ని జంతువులను కోసినా జవాబు దొరకదు. (ఊపిరి మీద కన్నేసి ఉంచాలన్న సలహా మాత్రం ఎందరినో కాపాడి ఉంటుంది. అదీ నిజమే.)

జంతువును పాఠంగా వాడడం అక్కడితో ఆగలేదు. మన కాలంలోనూ అమెరికా సైన్యం మేకలకు, పందులకు మత్తిచ్చి, గాయం చేసి, నెత్తురు ఆపడం వైద్య సిబ్బందికి నేర్పింది. శిక్షణ అయ్యాక వాటిని చంపేసేవారు. బ్రిటిష్ సైనిక సర్జన్లు ఇందుకోసం డెన్మార్క్ దాకా వెళ్లారు. అయితే 2012లో వెలువడిన ఒక సర్వే ప్రకారం అప్పటి 28 నాటో దేశాల్లో 22 దేశాలు సైనిక వైద్య శిక్షణలో జంతువులను వాడలేదు. బొమ్మ శరీరాల వంటి వాటితోనే నేర్పాయి.

మన దేశంలో రాజ్యసభ సభ్యురాలు రుక్మిణీదేవి అరండేల్ పట్టుదల ఫలించి 1960లో జంతు హింస నివారణ చట్టం వచ్చింది. అందులో 17వ సెక్షన్ మెడికల్ కాలేజీలనూ ఆసుపత్రులనూ పేరుపెట్టి ప్రస్తావిస్తుంది: పుస్తకాలు, నమూనాలు, ఫిల్ములతో పని జరిగేచోట జంతువుల జోలికి పోకూడదు.